చలనచిత్రములలో ముస్లిము జీవనము

కుందుర్పి అనంతపుర మండలపు మెట్టసీమలో, కర్ణాటక సరిహద్దు చెంత నున్నది. ఈ సీమ టిప్పుసుల్తాను ఏలుబడిని చూచినది. పిదప నిజాము చేతిలోనికి పోయి, 1800లో ఇంగ్లీషు కంపెనీకి దత్తమైనది. కావున ముస్లిము ప్రభుత్వ మిచటివారికి వినికిడి మాత్రము కాదు. అయినను ప్రభువుల చరిత్ర వేఱు, ప్రజల జీవనము వేఱు. మన చలనచిత్రములు మొదటిదానినే యెక్కువగా గ్రహించి, ముస్లిములతో పరిచయము లేని ప్రేక్షకునకు అదియే సర్వస్వమని తోపించినవి.

1955 నాటి "అనార్కలి"ని చూడుడు. అనార్కలి వృత్తాంతము అక్బరునామాలో లేదు. ఇమ్తియాజ్ అలీ తాజ్ 1922లో రచించిన ఉర్దూ నాటకముచే నది మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది. 1979లో నందమూరి తారక రామారావు ఆ కథనే "అక్బర్ సలీం అనార్కలి" యను పేర మరల తెరకెక్కించెను. రామదాసు చరితమును జెప్పిన 1964, 2006 నాటి చిత్రములలో గోలకొండ తానీషా కానవచ్చును. ఇట్లు మొగలు అంతఃపురమును, గోలకొండ కొలువును ఎఱిగిన ప్రేక్షకుడు తన యూరి దూదేకులవాని యింటిని తెరపై చూచుట అరుదు.

2024లో వచ్చిన "రజాకార్" వేఱొక రూపమును చూపినది. రజాకారుల దౌర్జన్యము చరిత్రలో సత్యమే. కాని దానిని నిరసించి వ్రాసినందులకు 1948 ఆగస్టులో వారిచే హతుడైన "ఇమ్రోజ్" సంపాదకుడు షోయబుల్లాఖానును ముస్లిమే. 1979 నాటి "మా భూమి"కి మూలము కిషన్ చందర్ రచించిన ఉర్దూ నవల. ఉర్దూ ప్రభువుల భాష మాత్రమే కాదనుటకు, రైతు పోరాటమును జెప్పిన యా నవలయే నిదర్శనము.

ఇక మన మండలమునకు మరలుదము. నార్పల సమీపమున గూగూడులో మొహర్రము దినములందు కుళ్లాయిస్వామి పీరును హిందువులును ముస్లిములును గూడి కొలుతురు. అగ్నిగుండము చుట్టును గుమిగూడుదురు. హిందూ కుటుంబములలో సైతము బిడ్డలకు కుళ్లాయప్ప యని పేరిడుదురు. పెనుకొండలోని బాబయ్య దర్గాకును ఇరువురును పోవుదురు. మొగలు కొలువును మాత్రమే తెరపై జూచిన పరదేశి కీ పేరులోని యర్థము బోధపడదు.

చలనచిత్రము తాను చూపు కాలముకంటె తన్ను నిర్మించిన కాలమునకే నమ్మదగిన సాక్షి. దానిని శాసనమువలె గైకొనరాదు, త్రోసివేయను రాదు. ఎవరు, ఎవరి కొఱకు, ఎప్పుడు నిర్మించిరని యడిగి చదువవలెను. గ్రామములలోని పీర్ల చావిళ్ల వృత్తాంతములను, పేర్లను, మ్రొక్కులను వృద్ధులనుండి వ్రాసికొననిచో, రేపటివారికి తెరమీది నవాబే మిగులును; పొరుగింటి మనుష్యుడు మఱుగుపడును.