పల్లె ఇళ్లలో దోమల సర్వే: దొరికినవి, దొరకనివి

పల్లె ఇళ్లలో దోమలను లెక్కించే పని తెల్లవారుజామునే మొదలవుతుంది. రాత్రి రక్తం తాగిన ఆడ దోమ అది అరిగి గుడ్లు తయారయ్యేదాకా చీకటి, తేమ ఉన్న చోటు వెతుక్కుంటుంది. చూరు కింద, దండెం మీది బట్టల వెనక, బస్తాల చాటున వాలి ఉంటుంది. సర్వే చేసేవారు టార్చిలైటు వేసి, గొట్టంతో పీల్చి వాటిని పడతారు. ఒక మనిషి గంటసేపు వెతికితే ఎన్ని దొరికాయన్నదే సాంద్రతకు కొలమానం. రెండో పద్ధతిలో తలుపులు మూసి, నేలంతా తెల్ల దుప్పట్లు పరిచి, పైరెత్రం మందు చల్లుతారు. పది పదిహేను నిమిషాలు ఆగి, రాలిపడిన దోమలను ఏరుతారు.

రెండు పద్ధతులదీ ఒకటే పరిమితి. పగలు ఇంట్లో వాలి ఉండే దోమలే లెక్కకొస్తాయి. ఈశాన్య రాష్ట్రాల అడవి పల్లెల్లో మలేరియాను మోసే అనాఫిలిస్ బైమై రాత్రి ఇంట్లోకొచ్చి కుట్టి, తెల్లారేలోగా బయటికి వెళ్లిపోతుంది. ఉదయం వెతికితే దొరకలేదు గనక అక్కడ లేదనుకోవడం ప్రమాదకరం. గోడలకు డీడీటీ చల్లిన ఊళ్లలోనూ ఇదే చిక్కు. ఆ మందు దోమలను చంపడమే కాదు, చికాకు పెట్టి బయటికి తరుముతుంది కూడా. ఇంట్లో సంఖ్య తగ్గిందంటే దోమలు చచ్చాయా, చోటు మార్చాయా? కిటికీకి ఉచ్చు బిగించి, రాత్రంతా లైట్ ట్రాప్ పెట్టి పోల్చి చూస్తే తప్ప చెప్పలేం.

ఇక జాతిని గుర్తించడం. ఒళ్లు ఏటవాలుగా, వెనక భాగం పైకెత్తి వాలితే అనాఫిలిస్ అని ఆరోగ్య కార్యకర్తలకు నేర్పుతారు. చాలావరకు నిజమే. కానీ మన మైదాన ప్రాంతపు పల్లెల్లో మలేరియాకు ముఖ్య వాహకమైన అనాఫిలిస్ క్యూలిసిఫేసీస్ దాదాపు క్యూలెక్స్ దోమలాగే గోడకు సమాంతరంగా వాలుతుంది. అందుకే రెక్కల మీది మచ్చలు, తొండం పక్కనుండే స్పర్శాంగాల పొడవు సూక్ష్మదర్శినిలో చూసి తీరాలి.

అసలు జాగ్రత్త పడాల్సింది సంఖ్యల దగ్గర. వరి పండే ఊళ్లలో ఇళ్లలోనూ పశువుల పాకల్లోనూ అనాఫిలిస్ సబ్‌పిక్టస్ తరచు గుంపులుగా దొరుకుతుంది. అది ఎక్కువగా పశువుల రక్తం మీద బతుకుతుంది. కొన్ని తీర ప్రాంతాల్లో తప్ప మలేరియా వ్యాప్తిలో దాని పాత్ర తక్కువే. క్యూలిసిఫేసీస్ కొద్ది సంఖ్యలో ఉన్నా జ్వరాలు రావచ్చు. దోమల్లో మలేరియా క్రిమి కోసం వెతికిన రోనాల్డ్ రాస్ కూడా సికింద్రాబాద్‌లో చాలాకాలం విస్తారంగా దొరికే ఇతర దోమలనే కోసి చూశాడు, ఫలితం రాలేదు. 1897 ఆగస్టు 20న చుక్కల రెక్కల అనాఫిలిస్ కడుపులో మలేరియా క్రిమి కనిపించింది.

క్యూలిసిఫేసీస్ అన్నా ఒకే జాతి కాదు. కంటికి ఒకేలా కనిపించే ఐదు సోదర జాతులున్నాయి: ఎ, బి, సి, డి, ఇ. బి ప్రధానంగా పశువులనే కుడుతుంది, చాలా ప్రాంతాల్లో మలేరియాను మోయడంలో బలహీనం. మన్యం వాగుల్లో పెరిగే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్‌లోనూ మనుషులను కుట్టే ఎస్ జాతి వేరు, పశువులను కుట్టే టి జాతి వేరు. క్రోమోజోములో, డీఎన్ఏనో పరీక్షించకుండా వీటిని విడదీయలేం. కడుపులోని రక్తం మనిషిదా, పశువుదా అన్న పరీక్ష కూడా తోడైతేనే సర్వేకు అర్థం. అయితే ఇక్కడా ఒక మెలిక ఉంది. ఇంట్లో పట్టిన దోమల్లో మనిషి రక్తం, పాకలో పట్టినవాటిలో పశువు రక్తం ఎక్కువ కనబడటం సహజం. ఒక్కచోటి నమూనాతో దోమ ఇష్టాన్ని తేల్చకూడదు.

మిగతావి క్లుప్తంగా. బోదకాలును మోసే క్యూలెక్స్ క్వింక్వెఫేసియేటస్ మురుగునీటిలో పెరిగి ఇళ్లలోనే వాలుతుంది కాబట్టి తేలిగ్గా దొరుకుతుంది. మెదడువాపును మోసే క్యూలెక్స్ ట్రైటీనియోరింకస్ వరి మళ్లలో పుట్టి ఎక్కువగా బయటే వాలుతుంది. ఇంటి సర్వేలో అది తక్కువ కనిపించడం భరోసా కాదు. డెంగీని మోసే ఏడిస్ పగలు కుడుతుంది. దాని ఉనికి తెలియాలంటే గోడలకన్నా తొట్లు, కుండలు, పాత టైర్లలో పిల్ల పురుగుల కోసం వెతకాలి.

కాబట్టి సర్వే నివేదికలు రాసేవారికి ఒక విన్నపం. జాతుల పేర్లు, మొత్తం సంఖ్యలతో ఆపకండి. ఏ కాలంలో, ఏ వేళ, ఏ పద్ధతిలో పట్టారో, పాక ఇంటికి ఎంత దూరమో, గోడకు మందు ఎప్పుడు చల్లారో రాయండి. ఒక్క దోమా దొరకని ఇళ్లెన్నో కూడా తప్పక చేర్చండి.