రెండవ ప్రపంచ యుద్ధమున విమానములకు దారి చూపిన రేడియో

1942వ సంవత్సరము ఏప్రిల్ 6వ తేదీ సోమవారమున జపాను విమానములు కాకినాడ మీదను, విశాఖపట్టణము మీదను బాంబులు వేసినవి. ఈ సంగతి మన ప్రాంతపు పెద్దలకు కొత్తది కాదు. పట్టణములు విడిచి లోపలి గ్రామములకు చేరిన కుటుంబముల కథలు, దీపములార్పిన రాత్రుల కథలు ఇండ్లలో చెప్పుకొనుచునే యుండిరి. కాని ఆ విమానములు సముద్రము మీదుగా మన తీరమునెట్లు కనుగొన్నవి? వాటి రాకను మనవారు ముందుగా నేల తెలిసికొనలేకపోయిరి? ఈ రెండు ప్రశ్నలు పైకి వేరైనను మూలమొక్కటియే. కంటికి కనబడని దానిని రేడియో తరంగములతో కనుగొను విద్య ఆ యుద్ధముననే పెరిగి పెద్దదైనది. ఆ కథను మన ఊరివారికి తెలియునట్లు చెప్పుటయే ఈ వ్యాసోద్దేశము.

ఆ మార్చి 8వ తేదీన రంగము జపానువారి వశమైనది. రంగము పేరు వినని తెలుగు పల్లె ఆనాడు లేదు. మన తీరపు జిల్లాలనుండి ఓడలెక్కి కూలికి పోయినవారు వేలాదిమంది అక్కడనుండిరి. వారిలో పలువురు కొండలు, అడవులు దాటి కాలినడకను తిరిగివచ్చిరి. అదే నెల 23వ తేదీన అండమాను దీవులు కూడ పోయినవి. ఇక బంగాళాఖాతమునకు కాపలా లేకపోయెను. ఏప్రిల్ మొదటివారమున జపాను నౌకాబలము రెండు భాగములుగా వచ్చినది. నగుమో సేనాని నడిపిన పెద్ద దళము సింహళము మీదికి పోయినది. ఒజావా సేనాని నడిపిన రెండవ దళము, ర్యూజో అను విమానవాహక నౌకతో, మన తూర్పుతీరపు ఓడల రాకపోకలను తెగగొట్టుటకు వచ్చినది. కొలది దినములలోనే ఈ రెండవ దళము ఇరువదికి పైగా వర్తకపు ఓడలను ముంచినది. కాకినాడ, విశాఖపట్టణములపైకి వచ్చినవి ర్యూజో విమానములే. ఆనాడు కాకినాడ రేవులో ఓడలు తీరమునకు రాజాలకుండెడివి; మైళ్ళ దూరమున లంగరు వేసికొని నిలిచి యుండగా పడవలు సరకు చేరవేయుచుండెడివి. అట్టి ఓడలు ఆకాశమునుండి చూచువానికి నీటిమీద పెట్టిన గురులవలె నుండును.

నగుమో దళము వచ్చుచున్న వార్తను మాత్రమొకడు ముందుగా చెప్పగలిగెను. ఆయన కెనడా దేశపు విమానదళాధికారి లెనర్డ్ బర్చాల్. ఏప్రిల్ 4వ తేదీ సాయంకాలము సింహళమునకు ఆగ్నేయముగా కాటలీనా అను నీటివిమానములో గస్తీ తిరుగుచు, ఆయన శత్రునౌకలను చూచెను. ఆ దళమెక్కడ నున్నది, ఏ దిక్కునకు పోవుచున్నది యను సమాచారమును వైర్‌లెస్‌పై పంపుచుండగనే జపాను విమానములు ఆయన విమానమును కూల్చివేసినవి. బ్రతికినవారు యుద్ధము ముగియువరకు ఖైదీలైరి. ఆ సందేశము వలన కొలంబో కొంతవరకు సిద్ధపడినది. అయినను మరునాడు ఈస్టరు ఆదివారము ఉదయమున శత్రువిమానములు వచ్చువరకు కొలంబోలో క్రిందనున్నవారికి హెచ్చరిక అందలేదు. నాలుగు దినముల తరువాత, ఏప్రిల్ 9వ తేదీన, ట్రింకోమలిలో మాత్రము రాడారు సుమారు తొంబది మైళ్ళ దూరముననే శత్రువును పసిగట్టినది. రాడారు పనిచేసినచో ఎంత వ్యవధి దొరకునో, పనిచేయనిచో ఏమి జరుగునో ఆ ఒక్క వారములోనే మన సముద్రము మీద తేలిపోయినది.

ఇక దారి తెలిసికొను విషయము. ఆ కాలమున సముద్రము మీద ఎగురు విమానమునకు ముఖ్యముగా మూడు ఆధారములు: దిక్సూచి, గడియారము, గాలిని గూర్చిన అంచనా. ఇంత వేగముతో ఇంతసేపు ఈ దిక్కునకు పోయితిమి, గాలి మనలనింత ప్రక్కకు నెట్టినది, గావున ఇచ్చట నుంటిమని లెక్కకట్టుకొనుటే. గాలి అంచనా తప్పినచో గంట ప్రయాణములో పది ఇరువది మైళ్ళు తేడా వచ్చుట కద్దు. పగటివేళ అయినచో మన డెల్టా వంటి గుర్తు మరియొకటి లేదు. ధవళేశ్వరమువద్ద ఆనకట్ట, దానికి దిగువ గౌతమి, వసిష్ఠ అను పాయలు, మధ్య కోనసీమ పచ్చదనము, సముద్రములోనికి చొచ్చుకొనిపోవు బురదనీటి రంగు. ఇవి చూచిన పైలటు పటము విప్పనక్కరలేదు. రాత్రివేళ లైట్‌హౌసులార్పి, పట్టణములార్పినచో ఆ గోదావరియు చీకటిలో చీకటియే.

రేడియోను దారికి వాడుట యుద్ధమునకు ముందే మొదలైనది. చట్రమునకు చుట్టిన తీగ ఏరియలును త్రిప్పినచో ఒక స్థితిలో ధ్వని హెచ్చును, మరియొక స్థితిలో ఉడిగిపోవును. దానినిబట్టి స్టేషను ఏ దిక్కున నున్నదో తెలియును. పాటలు ప్రసారముచేయు స్టేషనైనను ఇందులకు పనికివచ్చును. 1941 డిసెంబరులో పెర్ల్ హార్బరు మీదికి దండెత్తిన ఫుచిడా హోనోలులు రేడియోలోని సంగీతమును పట్టుకొని దిక్కు సరిచూచుకొనెను. శ్రోతలకు వినోదమైనది శత్రువునకు దారిదీపమైనది! అందుచేతనే ఇంగ్లండులో బి.బి.సి. వారు పలు ట్రాన్స్‌మిటర్లను ఒకే తరంగముపై నడిపి, ఎచ్చటినుండి వచ్చుచున్నదో శత్రువునకు తెలియకుండ జాగ్రత్తపడిరి. మన దేశమున 1939లో యుద్ధము మొదలగుటతోనే అమెచ్యూర్ రేడియో లైసెన్సులు రద్దయినవి.

జర్మనులు ఇంతకంటె ముందుకు పోయిరి. గుడ్డివానలోను విమానమును నేలకు దింపుటకు లోరెంజ్ కంపెనీ చేసిన ఏర్పాటు వారికి ముందే కలదు. రెండు రేడియో కిరణములు ప్రక్కప్రక్కన ప్రసరించును. ఒకదానిలో చుక్కలవంటి చిన్న ధ్వనులు, రెండవదానిలో గీతలవంటి పొడుగు ధ్వనులు. పైలటు సరిగా మధ్యనున్నచో రెండును కలిసి ఎడతెగని ఒకే ధ్వనిగా వినబడును. ఎడమకు తొలగినచో ఒకటి, కుడికి తొలగినచో మరియొకటి హెచ్చగును. దీనినే దూరదేశమునకు సారించి, మరియొక కిరణముతో అడ్డముగా ఖండింపజేసి, ఆ రెండును కలిసినచోట బాంబు వదలుమని ఏర్పాటుచేసిరి. దీని పేరు నికెబైన్. ఆర్.వి. జోన్స్ అను ఇరువదియెనిమిదేండ్ల ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు దీనిని ఊహించి చెప్పగా పెద్దలు చాలమంది నమ్మలేదు. 1940 జూన్ 21వ తేదీ రాత్రి ఒక ఆన్సన్ విమానమును పంపి వెదకించిరి. ఐదారువందల గజములకు మించని వెడల్పుగల కిరణము దొరకినది. అది రోల్స్‌రాయిస్ ఇంజన్లు తయారగు డార్బీ పట్టణము వైపునకు సాగుచుండెను. తరువాత ఇంగ్లీషువారు అట్టి ధ్వనులనే పుట్టించి కిరణమును చెడగొట్టసాగిరి.

అయితే ఆ సంవత్సరమే నవంబరు 14వ తేదీ రాత్రి కొవెంట్రీ పట్టణము దగ్ధమైనది. అప్పుడు జర్మనులు వాడినది మరింత సూక్ష్మమైన వేరొక పద్ధతి. దానిని చెడగొట్టు యంత్రములు ఇంగ్లీషువారికి ఉండెను గాని వాటి ధ్వని శత్రువు ధ్వనితో సరిపోలేదు. అందుచేత అవి వృథాయైనవి. ఆ ఒక్క రాత్రి ఐదువందలమందికి పైగా మరణించిరి. యుద్ధమున శాస్త్రజ్ఞుని లెక్కలోని పొరపాటునకు ఎవరు మూల్యము చెల్లింతురో చెప్పుటకు ఇంతకంటె ఉదాహరణము అక్కరలేదు.

ఇంగ్లీషువారి బాంబరులేమైనను మెరుగా యనిన, లేదు. 1941 ఆగస్టులో ఛాయాచిత్రములు పరిశీలించి తేల్చిన బట్ నివేదిక వారిని సిగ్గుపరచినది. గురిని కొట్టితిమని చెప్పిన విమానములలో మూడింట ఒకటి మాత్రమే గురికి ఐదు మైళ్ళలోపునకు చేరినదట! తక్కినవి పొలములలోను, ఇతరుల ఇండ్లమీదను పడినవన్నమాట. దీనికి మందుగా రాబర్ట్ డిప్పీ అను ఇంజనీరు కల్పించిన పద్ధతి పేరు జీ.

ఈ జీ పద్ధతిని కొంచెము నిదానముగా చెప్పవలెను. ఏలనన నేటి ఉపగ్రహ మార్గదర్శనమునకు ఇదియే పెద్దన్నవంటిది. రెండు ఊళ్ళ గుడులలో ఒకే క్షణమున గంటకొట్టుదురని అనుకొనుడు. నడుమ పొలములో నిలిచినవానికి రెండును ఒకేసారి వినబడినచో, అతడు రెండు గుడులకు సమానదూరమున నున్నాడు. ఒకటి ముందు, ఒకటి వెనుక వినబడినచో, ఆ వ్యవధినిబట్టి ఏ గుడికెంత దగ్గరయో ఒక వంపుగీత మీద నిర్ణయింపవచ్చును. మూడవ గుడి గంట కూడ తోడైనచో మరియొక వంపుగీత వచ్చును. రెండు గీతలు కలిసినచోట అతడుండును. గంటలకు బదులు రేడియో స్పందములు, చెవికి బదులు వ్యవధిని కొలుచు తెర. రేడియో తరంగము సెకనులో పదిలక్షవ వంతున మూడువందల మీటర్లు పోవును గావున కొలత అంత సూక్ష్మముగా నుండవలెను. ఇందలి సొగసేమనగా విమానము నోరు విప్పనక్కరలేదు. వినుటయే గాని పలుకుట లేదు గనుక అది ఎచ్చటనున్నదో శత్రువునకు తెలియదు. ఒకేసారి ఎన్ని విమానములైనను వాడుకొనవచ్చును.

1942 మార్చి 8వ తేదీ రాత్రి ఎసెన్ పట్టణము మీది దాడిలో జీ పద్ధతిని మొదటిసారి పెద్దయెత్తున వాడిరి. రంగము పడిపోయిన దినమే అది. ఐరోపా ఆకాశమున రేడియో గీతల పటము పరచుకొనుచుండగా, మన తీరమున కాపలాకు విశాఖపట్టణములో భారత వైమానిక స్వచ్ఛంద దళపు ఆరవ నంబరు తీరరక్షణ విభాగమును, పాతకాలపు విమానములును ఉండెను. సామ్రాజ్యపు బొక్కసము ఒకటే గాని కేటాయింపులో మన వంతెంతయో చదువరులు ఊహించుకొనగలరు.

తరువాతి సంగతులు త్వరగా చెప్పెదను. అలెక్ రీవ్స్ ఆలోచించిన ఓబో 1942 డిసెంబరులో వాడుకలోనికి వచ్చినది. నేలమీది రెండు స్టేషనులు విమానపు దూరమును కొలిచి బాంబు వదలవలసిన క్షణమును చెప్పును. హెచ్‌టూఎస్ అను రాడారును విమానపు పొట్టక్రిందనే బిగించిరి. దాని తెరపై నీరు నల్లగాను, నేల తెల్లగాను, ఊళ్ళు మరింత వెలుగుగాను కనబడును. మన గోదావరి పాయలవంటివి అట్టి తెరమీద గీచినట్లుండును. దానిని పరీక్షించుచు 1942 జూన్ 7వ తేదీన ఒక హాలిఫాక్స్ విమానము కూలిపోగా, ఆలన్ బ్లమ్లీన్ అను మేటి ఇంజనీరు తోటివారితో మరణించెను. ఆయన వయస్సు ముప్పదియెనిమిదేండ్లు.

అమెరికావారు ఆల్‌ఫ్రెడ్ లూమిస్ ప్రేరణతో జీవంటి సూత్రముననే లోరాన్ అను పద్ధతిని నిర్మించిరి. తరంగముల నిడివి హెచ్చగుటచే అది సముద్రములు దాటి పనిచేసినది. రాత్రివేళ దాని పరిధి రెట్టింపగును. ఆకాశపు పైపొరలలోని అయనమండలము తరంగములను అద్దమువలె తిరిగి క్రిందికి పంపుటయే దానికి కారణము. అస్సామునుండి హిమాలయపు కొసలమీదుగా చైనాకు సరకు చేరవేసిన, హంప్ అని పేరుబడిన మార్గమునకు 1944 నాటికి లోరాన్ తోడైనది. అంతకుముందు అక్కడి పైలట్లకు సాధారణ రేడియో బీకన్లే దిక్కు. మేఘములు ఉరిమినపుడు ఆ సూది స్టేషనును వదలి పిడుగువైపునకు తిరుగుచుండెడిది! ఆ మార్గములో పోయిన విమానములు సుమారు ఆరువందలు.

ఈ అయనమండలమును గూర్చి మన తెలుగుదేశమున జరిగిన కృషిని ఇచ్చట తలచుకొనవలెను. యుద్ధకాలమున గుంటూరునకు తరలిన ఆంధ్ర విశ్వవిద్యాలయము తిరిగి వాల్తేరు చేరిన తరువాత, ఆచార్య బయ్యా రామచంద్రరావుగారు అచ్చట అయనమండల పరిశోధనకు పీఠము నెలకొల్పిరి. బాంబులు పడిన తీరముననే, ఆకాశపు అద్దము ఎట్లు కదలుచున్నదో కొలుచు పని సాగినది. మన విద్యార్థులకు ఈ సంగతి పాఠ్యపుస్తకములలో కనబడదు.

యుద్ధానంతరము ఈ విద్య ప్రయాణికులకు, నావికులకు దక్కినది. మన తూర్పుతీరమున లోరాన్ స్టేషనులు బాలాసోర్, పటపూర్, డైమండ్ హార్బరులలో 1990 దశకమున నెలకొన్నవి. గంటకొట్టు గుడులు ఆకాశమున కెక్కినవి: అమెరికా జి.పి.ఎస్. ఉపగ్రహములు ఇరువదివేల కిలోమీటర్ల ఎత్తున తిరుగుచు కాలమును చెప్పుచుండును. ఆ కాలపు వ్యవధులనుండియే మన స్థానము లెక్కకు వచ్చును. ఆ పద్ధతి 1995లో పూర్తిగా పనిలోనికి వచ్చినది.

1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుపాను మన మండలమువారు మరువగలిగినది కాదు. వేయిమందికి పైగా మరణించిరి. సముద్రము మీదికి పోయిన బెస్తవారిలో ఎందరో తిరిగిరాలేదు. ఆనాటికి ఆకాశమున ఉపగ్రహములు తిరుగుచునే యున్నవి. కాని నాటు పడవలోనివానికి నడిసముద్రమున హెచ్చరిక చేరు సాధనము లేదు. 1942లో కాకినాడ రేవున లంగరు వేసిన ఓడవలెనే అతడును ఏమియు తెలియక నుండెను.

ఆ తరువాత భారత అంతరిక్ష పరిశోధన సంస్థ 2013 జూలై 1వ తేదీన శ్రీహరికోటనుండి మన సొంత మార్గదర్శన వ్యవస్థలోని మొదటి ఉపగ్రహమును పంపినది. ఆ వ్యవస్థకు నావిక్ అని పేరు. విమానములకై నెలకొల్పిన గగన్ అను ఏర్పాటు సాయముతో 2022 ఏప్రిల్‌లో రాజస్థానమునందలి కిషన్‌గఢ్‌లో ఒక ప్రయాణికుల విమానము దిగినది. అదే గగన్ ఉపగ్రహము ద్వారా సెల్‌ఫోను అందని దూరసముద్రమున నున్న బెస్తవానికి తుపాను హెచ్చరిక, అలల ఎత్తు, చేపలు దొరకు తావు చెప్పుటకు హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రమువారు 2019 అక్టోబరులో జెమిని అను చిన్న పరికరమును వెలువరించిరి. తీరమునుండి మూడువందల నాటికల్ మైళ్ళవరకు అది వార్త నందుకొనగలదు. దానినుండి తిరిగి పలుకుటకు మాత్రము వీలులేదు. జీ పెట్టెవలెనే, వినుటయే దాని పని.