పస్తాపూర్‌లో కొత్త కొలువు

1975 ఆగస్టు 1. పొద్దు గూకింది. ఒక తెలుగు పల్లెలో బడి ముందు జనం గుమిగూడారు. పక్కనే ఇనుప జాలీతో చేసిన పదడుగుల గొడుగు ఆకాశంవైపు తిరిగి ఉంది. కరెంటు లేని ఊరు కావడంతో టీవీకి బ్యాటరీ తగిలించారు. తెర వెలిగింది. బొమ్మ కదిలింది. ముందువరసలో కూర్చున్న పిల్లలు ఒక్కసారిగా కేకలు పెట్టారు.

ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు ఏడాదిపాటు టీవీ పాఠాలు అందించిన 'సైట్' ప్రయోగం మొదలైన రోజది. తెలుగు పల్లెలు చూసే కార్యక్రమాలు హైదరాబాద్‌లో తయారయ్యేవి. ఆ ప్రయోగంలో కీలకంగా పనిచేసినవారిలో ఒకరు పి.వి.సతీష్. మైసూరులో పుట్టి, ఢిల్లీలో జర్నలిజం చదివి, దూరదర్శన్ ప్రొడ్యూసర్ అయ్యారు. 1975 నాటికి ఆయనకు ముప్పై ఏళ్లు.

సేద్యం, ఆరోగ్యం, అక్షరాస్యత... పల్లెకు ఏం కావాలో నగరంలో ఆలోచించేవారు, స్టూడియోలో తీసేవారు, ఉపగ్రహం మోసుకెళ్లేది. అయితే మాట పైనుంచి కిందికే దిగేది. పల్లె మాట పైకి చేరే దారి ఆ యంత్రాంగంలో లేదు.

సర్కారు కొలువు, నెల తిరిగేసరికి జీతం, చేతినిండా ఇష్టమైన పని. అలాంటి ఉద్యోగంలో ఉన్న మనిషి 1983లో, ముప్పై ఎనిమిదేళ్ల వయసులో, మిత్రులతో కలిసి అప్పటి మెదక్ జిల్లా జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని ప్రారంభించారు. తరువాత దూరదర్శన్‌ను వదిలి, ఆ పల్లెలనే తన లోకం చేసుకున్నారు.

ఆ ప్రాంతంలో పేద దళిత కుటుంబాలకు ఎకరమో రెండెకరాలో భూమి ఉన్నా అది రాళ్లనేల, పడావు పడ్డ బీడు. సొంత చెలకను వదిలేసి ఆడవాళ్లు పరుల పొలాల్లో కూలికి పోయేవారు. సొసైటీ మొదట మగవాళ్లతో పని మొదలుపెట్టింది. అది సాగలేదు. అప్పుడు మహిళా సంఘాలు పుట్టాయి. రాత్రి కూలిపని నుంచి వచ్చి, వండిపెట్టి, ఆ తరువాత నేలమీద గుండ్రంగా కూర్చున్న ఆడవాళ్ల మధ్య ఈ టీవీ ప్రొడ్యూసర్ కూడా కూర్చున్నారు. ఈసారి వినడం ఆయన వంతు.

విన్నకొద్దీ ఒక లోకం తెరుచుకుంది. ఎకరం చెలకలో జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది, పెసర, అనుము కలిపి వేస్తే, వాన మొఖం చాటేసినా ఏదో ఒకటి చేతికొస్తుందని వాళ్లకు తెలుసు. విత్తనాన్ని బూడిద, వేపాకు కలిపి బుట్టలో దాచి, మట్టితో అలికి కాపాడటం తెలుసు. సంఘాలు బీళ్లను మళ్లీ దున్నించాయి. రాళ్లు ఏరి కట్టలు పోశారు, పెంట తోలారు. ఊరూరా విత్తన బ్యాంకులు వెలిశాయి. సంఘంలో విత్తనం తీసుకున్నామె పంటొచ్చాక అంతకు రెట్టింపు తిరిగి పోస్తుంది.

1990ల నడుమ ఇంకో అడుగు పడింది. రేషన్ దుకాణానికి ఎక్కడినుంచో వచ్చే బియ్యం కాకుండా, మన చెలకలో పండిన జొన్న మన ఊళ్లోనే పేదలకు ఎందుకు అందకూడదు? బీడు దున్నుకునే రైతుకు సంఘం పెట్టుబడి ఇచ్చింది. బాకీ తీర్చేది పైసలతో కాదు, జొన్నలతో. ఆ గింజల్ని ఊళ్లోనే నిల్వచేసి, కరువు నెలల్లో తక్కువ ధరకు ఇచ్చారు. ఎవరు ఎంత పేదలో ఆఫీసరు రాసిన జాబితా చెప్పలేదు. ఊరు ఊరంతా కూర్చుని, అందరి ముందూ తేల్చింది.

మరి ఇన్నేళ్లు నేర్చిన టీవీ విద్య ఏమైంది? అది సంఘం చేతికి వెళ్లింది. బడి మొఖం చూడని ఆడవాళ్లు వీడియో కెమెరా పట్టారు. 2001లో వాళ్లదే కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ ఏర్పడింది. 2003లో వరంగల్ పత్తి రైతుల దగ్గరకు వెళ్లి, బీటీ పత్తి నష్టాల మీద సినిమా తీశారు. ఎదుటి మనిషి కళ్లకు సమానమైన ఎత్తులో తీసే షాట్‌కు వాళ్లు 'సంఘం షాట్' అని పేరు పెట్టుకున్నారు. సంఘంలో అందరూ ఒకే నేలమీద కూర్చుంటారు కదా! సతీష్ ఏళ్లతరబడి చేసిన వృత్తికి ఆ ఆడవాళ్లు ఇచ్చిన కొత్త చూపు అది.

రేడియో కోసం మాత్రం పదేళ్లు ఎదురుచూడాల్సి వచ్చింది. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1998 నాటికి జహీరాబాద్ దగ్గరి మాచ్‌నూర్ అనే ఊళ్లో పరికరాలు సిద్ధం. లైసెన్సు లేదు. అయినా ఆగలేదు. పాటలు, పంటల ముచ్చట్లు, మందుమొక్కల సంగతులు క్యాసెట్లలో రికార్డు చేసి సంఘాల్లో వినిపించారు. చివరికి 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. మైకు ముందు సంఘం మహిళలు జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ. మాట్లాడింది వాళ్ల ఊరి తెలుగులోనే. 1975లో లేని దారి, పల్లె మాట పైకి చేరే దారి, ముప్పైమూడేళ్లకు పడింది.

2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈ సంఘాలకు ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. ఆ ఏడాది మార్చి 18న ఢిల్లీలో చిరుధాన్యాల అంతర్జాతీయ సదస్సు మొదలైంది. మర్నాడే, మార్చి 19న, హైదరాబాద్‌లో సతీష్ కన్నుమూశారు. అంత్యక్రియలు పస్తాపూర్‌లోనే జరిగాయి.

నలభై దగ్గరపడేసరికి చేస్తున్న ఉద్యోగం మీద విసుగు పుట్టేవాళ్లు మనలో ఎందరో. కొలువు మారితే ఇన్నేళ్ల అనుభవం వృథా అవుతుందన్న భయం వాళ్లను ఆపుతుంది. సతీష్ జీవితం ఆ భయానికి జవాబు. ఆయన వదులుకున్నది కుర్చీని, జీతాన్ని. నేర్చిన విద్యలో ఏదీ పోలేదు, దాన్ని పట్టుకునే చేతులు పెరిగాయి. కాబట్టి కొలువు మారాలనుకునేవారు జీతం లెక్కతో పాటు ఇంకో లెక్క కూడా వేసుకోవాలి: నాకు వచ్చిన ఈ పని ఇప్పటిదాకా ఎవరికి అందలేదు? ఆ జవాబు దొరికిన చోటే అసలైన కొలువు ఉంటుంది.