హాలీ నోట్లు: బ్యాంకుకు చేరనివి

నోట్లు సేకరించువారికి మొదటి గని బ్యాంకే. క్రొత్తకట్ట విప్పినపుడు సంతకము మారిన నోటు కనబడవచ్చును; వరుససంఖ్యలో నక్షత్రపు గుర్తు గల నోటు దొరకవచ్చును. విదేశద్రవ్యమును మార్చు కౌంటరువద్ద ఎవరో యాత్రికుడు విడిచిన పరదేశపు నోటు చేతికి రావచ్చును. అయితే ఈ గనికి ఒక విచిత్రగుణము కలదు. నోటును లోకములోనికి పంపునదియు బ్యాంకే, తిరిగి రప్పించుకొని నాశనము చేయునదియు బ్యాంకే. నాణెమును కరిగించినను వెండి మిగులును. నోటు అట్లు కాదు. అది అప్పుపత్రము వంటిది. బాకీ తీరిన పత్రమును చించివేయుదురు గదా! కనుక చెల్లింపు ఎంత సక్రమముగా జరిగినచో, చరిత్రకారునికి అంత తక్కువ మిగులును. హైదరాబాదు సంస్థానపు హాలీ నోట్లే ఇందుకు నిదర్శనము.

సంస్థానములు కాగితపు ద్రవ్యము వెలువరించుటకు బ్రిటిషువారు చాలకాలము సమ్మతింపలేదు. మొదటి ప్రపంచయుద్ధకాలమున వెండికి తీవ్రమైన కరవు ఏర్పడెను. నిజాము ప్రభుత్వము యుద్ధమునకు విరివిగా సహాయము చేసియుండెను. ఈ రెండు కారణములచే 1918లో అనుమతి లభించి, హైదరాబాదు కరెన్సీ చట్టము క్రింద 10, 100 రూపాయల నోట్లు వెలువడినవి. 1919లో 1, 5 రూపాయల నోట్లును, 1926లో 1000 రూపాయల నోటును వచ్చినవి. వీనిని మొదట లండనులోని వాటర్లో కంపెనీ అచ్చువేసెను. తరువాత నాసిక్ ముద్రణాలయమున అచ్చయినవి. ఉర్దూ, ఇంగ్లీషులతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడములందును నోటు విలువ వ్రాయబడెను. సంవత్సరము ఫసలీలెక్కలో ఉండును. దానికి 590 కలిపినచో ఇంచుమించుగా క్రీస్తుశకము వచ్చును.

ఈ ద్రవ్యమునకు అధికారికముగా ఉస్మానియా సిక్కా అని పేరు; జనులు హాలీ అనిరి. బ్రిటిషు రూపాయి కల్దారు. నూరు కల్దారు రూపాయలకు హాలీలో 116 రూపాయల 10 అణాల 8 పైసలు, అనగా ఆరింటికి ఏడు. ధర చెప్పినవానిని "హాలీయా, కల్దారా?" అని అడుగనిదే బేరము సాగెడిది కాదు. సంస్థానపు ఎల్లలు దాటు ప్రతివానికిని ద్రవ్యమార్పిడి నిత్యవ్యవహారమే. 1942లో పని ప్రారంభించిన హైదరాబాదు స్టేట్ బ్యాంకునకు ఉస్మానియా సిక్కా నిర్వహణ అప్పగింపబడెను.

సేకరించువారు ఈ నోట్లలో సంతకములను వెదకుదురు. ఆర్థికశాఖ చూచినవారి సంతకములలో గులాం మహమ్మదుగారిది ఒకటి. ఆయన తరువాత పాకిస్తానుకు గవర్నర్ జనరల్ అయ్యెను. జాహిద్ హుస్సేనుగారు పాకిస్తాను స్టేట్ బ్యాంకునకు మొదటి గవర్నరు. నోటు బల్లమీద పరచి చూచిన, ఒక సంస్థానపు చివరి దినములు ఈ చేవ్రాళ్ళలో కనబడును.

1950లో భారత రూపాయి హైదరాబాదులో ప్రవేశించెను. కొంతకాలము రెండును ప్రక్కప్రక్కన చెల్లినవి; 1959లో హాలీ పూర్తిగా రద్దయ్యెను. హాలీ అనగా "ఇప్పుడు చెల్లునది" అని అర్థము! బ్యాంకుకు చేరిన నోటు యజమానికి పైకము లభించెను, నోటు మాయమయ్యెను. పెట్టె అడుగున మరచిపోయిన నోటు యజమానికి నష్టము తెచ్చెను, మనకు మాత్రము మిగిలెను. సేకరించువాడు సంతోషించునపుడు ఈ సంగతి కూడ తలచుకొనుట మంచిది.

బ్యాంకుకు చేరనే చేరని హాలీ నోట్లు మరికొన్ని కలవు. 1922 మే 19న టిల్బరీ రేవునుండి బొంబాయికి బయలుదేరిన ఈజిప్ట్ అను ఓడ మరునాడు ఫ్రాన్సు పడమటి తీరమువద్ద పొగమంచులో మరొక ఓడతో ఢీకొని, ఇరువది నిమిషములలోపుననే మునిగెను. ఎనుబదిమందికి పైగా మరణించిరి. దానిలో పది లక్షల పౌనులకు మించిన బంగారము, వెండి ఉండెను. నిజాము ప్రభుత్వమునకై లండనులో అచ్చయిన, ఇంకను సంతకము పడని నోట్లకట్టలును ఉండెను. లోతు సుమారు 400 అడుగులు. ఆనాటి సాధారణపు ఈతదుస్తులతో అక్కడ పనిచేయుట అసాధ్యము. ఆర్టీలియో అను ఇటలీ ఓడవారు 1930లో శిథిలమును కనుగొనిరి. గాజుకిటికీలు గల ఉక్కుగదిలో ఒకనిని కూర్చుండబెట్టి క్రిందికి దింపెడివారు. అతడు టెలిఫోనులో చెప్పుచుండగా, పైనుండి ఇనుపపంజాను అటునిటు నడిపెడివారు. అదే ఏడాది డిసెంబరులో మరొక మునిగిన ఓడను పేల్చుచుండగా ఆర్టీలియోయే నాశనమై పెక్కుమంది నావికులు చనిపోయిరి. మరొక ఓడతో పని కొనసాగించి 1932లో బంగారమును వెలికితీసిరి. దానితోపాటు నిజాము నోట్లును పైకి వచ్చినవి. నోటు కాగితమునకు ప్రత్తి, నారల పీచు వాడుదురు గనుక అది నీటికి సులభముగా విడిపోదు. పదేండ్లు సముద్రగర్భమున నానిన ఆ నోట్లు మరకలతో, చిరుగులతో నేటికిని సేకరణలలో ఉన్నవి. సంతకము లేనందున అవి ఎన్నడును ద్రవ్యము కాలేదు.

2016 నవంబరులో రద్దయిన 500, 1000 రూపాయల నోట్ల సంగతి దీనికి విపర్యయము. వాని విలువలో 99.3 శాతము తిరిగి వచ్చినదని రిజర్వు బ్యాంకు 2018లో తెల్పెను. వచ్చిన నోట్లను ముక్కలుచేసి ఇటుకలుగా అదిమిరి. 2017నాటి చట్టము ప్రకారము ఆ నోట్లు ఎవరివద్దనైనను పదికి మించి ఉండరాదు. అధ్యయనము, పరిశోధన, నాణెసేకరణ చేయువారికి మాత్రము 25 వరకు ఉంచుకొనవచ్చును.