అయనావరణము – ఆంధ్రదేశమున ప్లాస్మా పరిశోధన

చీరాల ప్రాంతమున రేడియో విని పెరిగిన పెద్దలకు ఒక సంగతి అనుభవమున తెలియును. పగటివేళ మీడియంవేవుపై సమీప కేంద్రములు తప్ప వినబడెడివి కావు. ప్రొద్దుగ్రుంకిన పిదప దూరపు కేంద్రములు గూడ చక్కగా పలికెడివి. దీనికి కారణము రేడియో పెట్టెలో లేదు, ఆకాశమున కలదు.

పరమాణువులనుండి ఎలక్ట్రానులు విడివడి, వాయువు విద్యుత్తును ప్రవహింపనిచ్చు స్థితికి ప్లాస్మా యని పేరు. 1928లో అమెరికా శాస్త్రజ్ఞుడు లాంగ్‌మ్యూర్ ఆ పేరు పెట్టెను. సూర్యకిరణముల తాకిడిచే, మనకు సుమారు 60 కిలోమీటర్ల పైనుండి అట్టి పొరలు ఏర్పడియున్నవి. అదియే అయనావరణము. పగలు దాని దిగువ పొర మీడియంవేవు తరంగములను మ్రింగివేయును. రాత్రి ఆ పొర కరగిపోవుటచే తరంగములు పై పొరలను తాకి నేలకు మరలివచ్చును. ఈ ఆవరణపు ఉనికిని 1924లో ఇంగ్లండున ప్రయోగముచే నిరూపించిన ఆపిల్టనుకు 1947లో నోబెల్ బహుమానము లభించెను.

ఈ విద్య మన తీరమునకు ఆలస్యముగా రాలేదు. వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్య బి. రామచంద్రరావుగారు శిష్యులతో గూడి, మూడు గ్రాహకయంత్రములను కొంత ఎడముగా నిలిపిరి. పైనుండి మరలివచ్చు తరంగపు హెచ్చుతగ్గులు ఏ యంత్రమున ముందు, ఏ యంత్రమున వెనుక కనబడునో చూచి, అయనావరణమందలి చలనముల వేగమును, దిక్కును గణించిరి. 1957లో స్పుత్నిక్ ఎగురుటకు పూర్వమే, నేలపై నిలిచి చేసిన పని యిది! దీనికి మనవారిలో రావలసినంత ప్రసిద్ధి రాలేదని నా అభిప్రాయము.

దీనివలన రైతునకేమి, జాలరికేమి యని అడుగువారు కలరు. అడుగదగిన ప్రశ్నయే. భూమి యొక్క అయస్కాంత మధ్యరేఖ భారతదేశపు దక్షిణపు కొసకు సమీపమున పోవుచున్నది. 1963లో తుంబాయందు రాకెట్టు కేంద్రము నెలకొల్పుటకు అదియే హేతువు. ఆ రేఖకు చేరువనున్న మన ఆకాశమున, సూర్యాస్తమయానంతరము ప్లాస్మాలో బుడగలవంటివి లేచి వందల కిలోమీటర్లు పైకి ప్రాకును. వానిగుండా వచ్చు ఉపగ్రహ సంకేతములు వణకును, ఒక్కొక్కప్పుడు తెగిపోవును. రాత్రివేళ వాడరేవు వంటి తీరమునుండి సముద్రముపైకి పోవు పడవలో జి.పి.ఎస్. పరికరమున్నచో, అది చూపు చోటు ఈ బుడగలవలన తప్పవచ్చును. ఐరోపా ఆకాశమునకు కట్టిన లెక్కలు ఇచ్చట యథాతథముగా చెల్లవు. విమానములకు దారిచూపు ‘గగన్’ వ్యవస్థ కొరకు మన దేశమున వేరుగా కొలతలు తీయవలసివచ్చినది.

తిరుపతి సమీపమున గాదంకి గ్రామమందు 1024 ఆంటెన్నాలు బారులు తీరిన రాడారు 1990 దశకమునుండి పనిచేయుచున్నది. 53 మెగాహెర్ట్జుల తరంగములను పైకి పంపి, వాతావరణముతోపాటు ఈ బుడగలను గూడ అది పరిశీలించును. మార్చి, ఏప్రిలు, సెప్టెంబరు, అక్టోబరు నెలల రాత్రులయందు అవి అధికముగా కానవచ్చును.