ఒరిగిన గోడకు పూచీ యెవరిది?

పారిస్ నగరమందలి లూవ్ర్ ప్రదర్శనశాలలో, 1901లో సూసా త్రవ్వకములందు బయల్పడిన నల్లని శిలాస్తంభమొకటి నిలిచియున్నది. క్రీస్తుకు పూర్వము 18వ శతాబ్దమున బాబిలోను నేలిన హమ్మురాబి శాసనములు దానిపై చెక్కబడినవి. ఇల్లు కట్టినవానికి కూలి యెంత యీయవలెనో చెప్పిన పిమ్మట ఆ రాజు, కట్టిన యిల్లు కూలి యజమాని మరణించినచో కట్టినవానికిని మరణమే దండనమనియు, యజమాని కుమారుడు మరణించినచో కట్టినవాని కుమారుని చంపవలసినదనియు విధించెను. ఆ కుమారుడు చేసిన పాపమేమో శిల చెప్పదు. అయినను ఆ వరుసలోనే, గోడ యొరిగినచో కట్టినవాడే తన సొంత వెండితో దానిని దృఢపరుపవలెనను వాక్యమొకటి కలదు. నాకు రాజుగారి ఖడ్గముకంటె ఈ వెండియే ఘనముగ దోచును.

మన దేశమున ఇల్లు కొన్నవాడు చిరకాలము ఇట్టి వాక్యమునకు నోచుకొనలేదు. సివిలు కోర్టులో దావా వేసి వాయిదాల వెంట తిరుగుటయే వానికి మిగిలిన మార్గము. 1986లో వినియోగదారుల రక్షణ చట్టము వచ్చినను, ఇల్లు స్థిరాస్తియే గాని సేవ కాదను వాదముతో కట్టినవారు తప్పించుకొనజూచిరి. లక్నో అభివృద్ధి సంస్థకు పైకము చెల్లించియు ఇల్లు చేతికి రాక విసిగిన యొక సామాన్యుని వ్యాజ్యమున, 1993 నవంబరు 5న సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చి, గృహనిర్మాణమును సేవయే యని నిర్ణయించెను. అంతటితో నిలువక, అతడు పడిన యాతనకు పరిహారమైన 10,000 రూపాయలను బాధ్యులైన ఉద్యోగుల నుండియే రాబట్టుమనెను. మొత్తము స్వల్పమే; కాని జీతపు రాళ్లలోనుండి పోవు రూపాయి బరువు వేరు.

పిమ్మట 2016లో పార్లమెంటు చేసిన స్థిరాస్తి నియంత్రణ చట్టము, జనుల నోట ‘రెరా’ యనబడునది, ఫిర్యాదు వినుటకే రాష్ట్రమునకొక ప్రాధికార సంస్థను నెలకొల్పెను. దాని 31వ సెక్షను క్రింద బాధితుడు ఫిర్యాదు చేయవచ్చును, తెలుగు రాష్ట్రములు రెండింటను ఆ అర్జీ ‘ఫారం ఎం’లో నింపవలెను, వకీలు లేకయే తానే నిలిచి వాదించుకొనవచ్చును. 14వ సెక్షనులో హమ్మురాబి గోడ మరల కనబడును: ఇల్లు స్వాధీనపరచిన నాటి నుండి 5 సంవత్సరములలోపల నిర్మాణలోపము బయటపడి, ఆ సంగతి తెలిపినచో, బిల్డరు 30 దినములలో ఉచితముగ సరిచేయవలెను.

కావున పాఠకులారా, తాళములు పుచ్చుకొను సంబరములో స్వాధీన పత్రముపై తేదీ వేయించుకొనుట మరువకుడు. ఆ 5 సంవత్సరముల లెక్క ఆ దినము నుండియే.