జాతి పిల్లి ఆయుష్షు: నూట యాభై ఏళ్ల చరిత్ర

గడప దాటకుండా ఇంట్లోనే పెరిగే జాతి పిల్లి నేడు సాధారణంగా 12 నుంచి 15 ఏళ్లు బతుకుతుంది. కొన్ని జాతుల్లో 17, 18 ఏళ్లు దాటినవి తరచుగానే కనిపిస్తాయి. మరికొన్నింటిలో పదేళ్లు నిండడమే గొప్ప. ఈ తేడా వెనుక నూట యాభై ఏళ్ల చరిత్ర ఉంది. ఈ కాలంలో ఇల్లు, వైద్యం, ఆహారం కలిసి పిల్లికి ఆయుష్షు పోశాయి. అందం కోసం, బహుమతుల కోసం సాగిన పెంపకం కొన్ని జాతుల్లో ఆ ఆయుష్షు నుంచి కొంత తిరిగి లాగేసుకుంది.

పిల్లి మనిషికి దగ్గరైంది పశ్చిమాసియాలోని ధాన్యపు రాశుల దగ్గర. సైప్రస్ ద్వీపంలో సుమారు 9,500 ఏళ్ల నాటి ఒక సమాధిలో మనిషి పక్కనే పిల్లిని కూడా పూడ్చిన ఆనవాళ్లు బయటపడ్డాయి. ఆ తర్వాత వేల ఏళ్లపాటు దానికి అప్పగించిన పని ఒక్కటే, ఎలుకలను పట్టడం. తిండి కొంత ఇంట్లో, కొంత వీధిలో. ఈనడం అటక మీదో గడ్డివాములోనో. దాని తల్లిదండ్రులెవరో, అది ఎన్నేళ్లు బతికిందో రాసిపెట్టుకోవలసిన అవసరం ఎవరికీ రాలేదు. ఆవుకు, గుర్రానికి, వేటకుక్కకు వంశావళి రాసుకున్న సమాజాలు కూడా పిల్లిని ఆ లెక్కలో చేర్చలేదు.

ఆ పరిస్థితి 19వ శతాబ్దపు ఇంగ్లండులో మారింది. 1871 జూలై 13న లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్‌లో హారిసన్ వియర్ అనే చిత్రకారుడు పిల్లుల ప్రదర్శన ఏర్పాటు చేశాడు. సుమారు 170 పిల్లులు వచ్చాయి. తల ఎలా ఉండాలి, బొచ్చు ఎలా ఉండాలి, రంగు ఎలా ఉండాలి అంటూ ఒక్కోదానికి ఇన్ని మార్కులని కొలమానం తయారుచేసింది కూడా ఆయనే. వీధి పిల్లిపై జనానికి ఉన్న చిన్నచూపు పోవాలన్నది వియర్ కోరిక. 1887లో ఏర్పడిన నేషనల్ క్యాట్ క్లబ్‌కు ఆయనే తొలి అధ్యక్షుడు. పిల్లుల బాగోగుల కన్నా బహుమతుల మీదే సభ్యుల ధ్యాస ఎక్కువగా ఉందన్న అసంతృప్తితో తర్వాత ఆయన తప్పుకున్నాడు. ఆయన వెళ్లినా పద్ధతి నిలబడింది. 1906లో అమెరికాలో, 1910లో బ్రిటన్‌లో వంశావళి పుస్తకాలు నిర్వహించే పెద్ద సంస్థలు వచ్చాయి. అప్పటి నుంచి, నమోదైన తల్లిదండ్రులకు పుట్టినదే జాతి పిల్లి.

మొదటి తరం జాతి పిల్లులకు దీర్ఘాయువు దక్కలేదు. బ్యాంకాక్‌లోని అమెరికా కాన్సుల్ డేవిడ్ సికెల్స్ ఒక సయామీస్ పిల్లిని హాంకాంగ్, శాన్‌ఫ్రాన్సిస్కోల మీదుగా వాషింగ్టన్‌కు పంపాడు. అమెరికాలో అడుగుపెట్టిన తొలి సయామీస్‌గా పేరొందిన ఆ పిల్లి 1879 ఆరంభంలో అధ్యక్షుడు హేస్ ఇంటికి చేరింది. దానికి సయామ్ అని పేరు పెట్టారు. అధ్యక్ష భవనంలో ఏ లోటూ లేకుండా పెరిగిన ఆ పిల్లి అదే ఏడాది శరత్కాలంలో జబ్బుపడింది. వైద్యుడు చూసినా, ప్రత్యేక ఆహారం పెట్టినా బతకలేదు. దేశాధినేత ఇంట్లోనే అలా జరిగిందంటే కారణం శ్రద్ధ లోపం కాదు. పిల్లులకు వచ్చే అంటురోగాల గురించి అప్పటి వైద్యానికి తెలిసింది చాలా తక్కువ.

ప్రదర్శనలు ఆ రోగాలకు దారులు తెరిచాయి. ఊరూరి నుంచి వచ్చిన పిల్లులు పక్కపక్క బోనుల్లో ఉండేవి. వాటిలో ఒకదానికి పాన్‌ల్యూకోపెనియా అనే అంటురోగం ఉంటే చాలు, ఇళ్లకు తిరిగి వెళ్లాక పిల్లికూనలు వరసగా వాంతులు, విరేచనాలతో చనిపోయేవి. ఈ రోగకారకం బోనుల్లో, గుడ్డల్లో, నేలలో నెలల తరబడి చావకుండా ఉంటుంది. ఇది వైరస్ అని 1928లో ఫ్రాన్స్‌లో రుజువైంది. 1930ల నుంచి తొలి టీకాలు వచ్చాయి, 1960ల తర్వాత మెరుగైనవి అందుబాటులోకి వచ్చాయి. గాజు కిటికీ వెనుక పెరిగే పిల్లికి కూడా ఈ టీకా తప్పదు, ఎందుకంటే వైరస్ యజమాని చెప్పులకు అంటుకుని ఇంట్లోకి రాగలదు.

టీకా వచ్చినా పిల్లి పూర్తిగా ఇంటి పట్టున ఉండడానికి ఒక అడ్డంకి మిగిలింది, మలమూత్రాల సమస్య. పళ్లెంలో ఇసుకో బూడిదో పోసేవారు. వాసన ఆగేది కాదు, పిల్లి పాదాల వెంట బూడిద ఇల్లంతా పరుచుకునేది. 1947 శీతకాలంలో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, కాసోపొలిస్ అనే చిన్న ఊరిలో ఇసుక గుట్ట గడ్డకట్టుకుపోవడంతో ఒకామె పొరుగున ఉన్న ఎడ్వర్డ్ లోవ్‌ను ఇసుక అడిగింది. కర్మాగారాల్లో ఒలికిన నూనెను పీల్చే సరుకులు అమ్మడం లోవ్ కుటుంబ వ్యాపారం. అతను ఇసుకకు బదులు ఎండబెట్టి గుళికలుగా చేసిన మట్టి ఇచ్చాడు. మన దగ్గర ముల్తానీ మట్టి అనే రకానికి చెందినదే అది. తడిని, వాసనను పీల్చుకుంది, పాదాలకు అంటలేదు. లోవ్ అదే మట్టిని అయిదేసి పౌండ్ల సంచుల్లో నింపి, పైన ‘కిట్టీ లిట్టర్’ అని చేత్తో రాసి, సంచి 65 సెంట్లకు అమ్మకానికి పెట్టాడు. 1980ల్లో తడి తగిలిన చోట ఉండకట్టే మట్టి వచ్చింది. బహుళ అంతస్తుల భవనంలో పిల్లి జీవితమంతా నేల తొక్కకుండా గడపగలుగుతోందంటే ఈ సరుకు వల్లే.

రెండో మార్పు ఆపరేషన్. మత్తుమందులు మెరుగుపడ్డాక, 20వ శతాబ్దం మధ్య నుంచి, పెంపుడు పిల్లులకు పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయించడం పాశ్చాత్య దేశాల్లో మామూలైంది. ఎదకు వచ్చిన ఆడపిల్లి కోసం మగపిల్లి గోడలు దూకడం, కొట్లాడుకోవడం, పుండ్లు పడడం తగ్గాయి. ఆడపిల్లులకు గర్భసంచిలో చీము పట్టే జబ్బు తప్పింది. చిన్న వయసులోనే చేయిస్తే రొమ్ము క్యాన్సర్ ముప్పూ బాగా తగ్గుతుంది.

మూడోది ఆహారం. ఇంట్లో ఉన్న పిల్లి ఎలుకను తినదు, డబ్బాలో వచ్చిందే తింటుంది. ఆ డబ్బాలో ఏదైనా లోపిస్తే దానికి మరో దారి లేదు. టారిన్ అనే పదార్థం పిల్లి శరీరంలో సరిపడా తయారుకాదు, మాంసం నుంచే అందాలి. అది తక్కువైతే కంటిపొర చెడి చూపు పోతుందని 1975లో తేలింది. గుండె కండరం సాగి బలహీనపడుతుందని 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలో పాల్ పయన్ బృందం చూపింది. తయారీదారులు టారిన్ మోతాదు పెంచారు, దాని లోపం వల్ల వచ్చే గుండె జబ్బు దాదాపు కనుమరుగైంది. అంతకు ముందు ఎన్ని పిల్లులు దానికి బలయ్యాయో లెక్క లేదు.

బయట తిరగని పిల్లికి వాహనాలు, కుక్కలు, కాట్ల బెడద ఉండదు. 1964లో గ్లాస్గోలో విలియం జారెట్ బృందం గుర్తించిన పిల్లి ల్యుకేమియా వైరస్, 1986లో డేవిస్‌లోనే బయటపడిన పిల్లి రోగనిరోధకలోప వైరస్ కూడా ప్రధానంగా ఇతర పిల్లులతో దగ్గరి తాకిడి వల్ల, కాట్ల వల్ల వ్యాపిస్తాయి.

ఇక రెండో కథ వంశానిది. చాలా జాతులు గుప్పెడు పిల్లులతో మొదలయ్యాయి. అమెరికాలో బర్మీస్ జాతికి మూలం 1930లో శాన్‌ఫ్రాన్సిస్కో చేరిన వాంగ్ మావ్ అనే ఒకే ఒక్క ఆడపిల్లి. స్ఫింక్స్ 1966లో టొరంటోలో బొచ్చు లేకుండా పుట్టిన ఒక కూనతో మొదలైంది. బెంగాల్ అడవి చిరుతపిల్లితో సంకరం వల్ల వచ్చింది. ఇలా కొద్దిమంది పూర్వీకుల సంతానాన్నే మళ్లీ మళ్లీ జతకట్టిస్తే, దాగి ఉన్న లోపాలు పైకి తేలతాయి. పెర్షియన్ జాతిలో మూత్రపిండాల్లో నీటితిత్తులు ఏర్పడే వంశపారంపర్య జబ్బు విస్తృతంగా పాకింది. ఒకానొక దశలో సుమారు 38 శాతం పెర్షియన్లలో అది ఉన్నట్లు అంచనా. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చినా చాలు, జబ్బు బయటపడుతుంది. చాలాసార్లు పిల్లి ఏడెనిమిదేళ్లకు వచ్చేసరికి కిడ్నీలు దెబ్బతిన్న లక్షణాలు కనిపిస్తాయి. దానికి కారణమైన జన్యుమార్పును 2004లో గుర్తించారు. మెయిన్ కూన్ జాతిలో గుండె కండరం దళసరెక్కే జబ్బుకు కారణమైన మార్పు 2005లో, రాగ్‌డాల్‌లో అలాంటిదే 2007లో బయటపడ్డాయి. ఇప్పుడు వీటికి చిన్న పరీక్షలు చాలు. జబ్బు మోసే పిల్లులను పెంపకం నుంచి తప్పించిన చోట్ల మార్పు మొదలైంది.

ఆయుష్షును లెక్కగా చెప్పగలగడం మాత్రం ఇటీవలి సంగతే. బ్రిటన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు పశువైద్యశాలల రికార్డుల నుంచి 4,009 పిల్లి మరణాలను పరిశీలించి 2015లో ఫలితాలు ప్రకటించారు. అన్ని పిల్లుల మధ్యస్థ ఆయుర్దాయం 14 ఏళ్లు. అంటే సగం అంతకు ముందే పోయాయి, సగం ఆ వయసు దాటాయి. జాతి పిల్లులకు అది 12.5 ఏళ్లు, వంశావళి లేని పిల్లులకు 14. జాతుల మధ్య తేడా ఇంకా ఎక్కువ. బర్మన్‌కు 16.1, బర్మీస్‌కు 14.3, సయామీస్‌కు 14.2, పెర్షియన్‌కు 14.1, మెయిన్ కూన్‌కు 11, రాగ్‌డాల్‌కు 10.1, బెంగాల్‌కు 7.3. బ్రిటన్‌లోనే 2024లో వెలువడిన మరో అధ్యయనం పుట్టినప్పటి ఆయుర్దాయాన్ని 11.74 ఏళ్లుగా లెక్కగట్టింది. అందులోనూ బర్మీస్, బర్మన్ జాతులు 14 ఏళ్లు దాటి ముందు నిలవగా, స్ఫింక్స్ 6.68 ఏళ్లతో చివర నిలిచింది.

ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. కొత్తగా జనాదరణ పొందుతున్న జాతిలో చిన్న వయసు పిల్లులే ఎక్కువ ఉంటాయి, కాబట్టి నమోదైన మరణాలూ చిన్న వయసువే ఎక్కువ అవుతాయి. బెంగాల్, స్ఫింక్స్ అంకెలు తక్కువగా ఉండడానికి ఇది కొంత కారణం కావచ్చు. పైగా ఈ లెక్కల్లో బయట తిరిగేవీ, ఇంట్లో ఉండేవీ కలిసే ఉన్నాయి. 2015 అధ్యయనంలో మరణాలకు మొదటి కారణం ప్రమాద గాయాలే. వాటి నుంచి కాపాడుకున్న ఇంటి పిల్లి తన జాతి సగటును దాటే అవకాశం ఎక్కువ. ఇంటి జీవితానికీ దాని ఖరీదు ఉంది. కదలిక తగ్గి ఒళ్లు చేయడం, మధుమేహం, ముసలితనంలో కిడ్నీ జబ్బు, థైరాయిడ్ జబ్బు నేటి ఇంటి పిల్లికి ప్రధాన శత్రువులు.

హైదరాబాద్, విజయవాడ, విశాఖ అపార్టుమెంట్లలో పెర్షియన్ పిల్లులు ఇప్పుడు మామూలు దృశ్యం. లండన్‌లో, కాలిఫోర్నియాలో నేర్చుకున్న పాఠాలు వీటికీ వర్తిస్తాయి. బొద్దు మొహం, పట్టులాంటి బొచ్చు చూసి కూనను కొనేవారు ముందు దాని తల్లిదండ్రుల కిడ్నీ పరీక్ష ఫలితాలు అడగాలి. టీకా, ఆపరేషన్, తూకం తప్పని తిండి ఆ తర్వాత యజమాని చేతిలో ఉన్న పనులు. జాతి లోపాన్ని మాత్రం పుట్టక ముందే ఆపాలి, ఆ బాధ్యత పెంచి అమ్మేవారిదీ, అడిగి కొనేవారిదీ.